నిప్పు చుట్టరికం

పెళ్ళయిన కొత్తలో మనిషి తెలివి సగమే పనిచేస్తుందని మా అత్తగారు క్రెయూజ అంటారు. రెండు సగాలు కలిపితే ఒక నిండు తెలివి అవ్వాలి కదా అని నేను ఆవిడతో వాదించేదాన్ని. కట్టెల సంగతి జరిగాక ఆ వాదన మానేశాను.

అప్పటికి మా పెళ్ళయి రెండు నెలలు కూడా కాలేదు. గుమ్మం దగ్గర నా చెప్పుల పక్కన మా ఆయన వాల్దెసీర్ చెప్పులు కనిపిస్తే చాలు, నాకు నవ్వొచ్చేది. ఒకే గ్లాసులో రెండు టూత్‌బ్రష్షులు ఒకదాని భుజం మీద ఒకటి తల వాల్చుకుని ఉండడం చూస్తూ నిలబడి, ఒకరోజు పనికి ఆలస్యంగా వెళ్ళాను. అతను బడిలో పిల్లలకి లెక్కలు చెప్తాడు. నేను జలాశయం ఊపిరి కొలుస్తాను.

నిజంగా నా ఉద్యోగం అదే. మనౌస్ నగరంలో చదువు ముగించి ఇక్కడికి వచ్చింది ఆ పని మీదే. ఆనకట్ట కట్టినప్పుడు అడవిని నరకకుండానే నీళ్ళు నింపేశారు. ఆ చెట్లు ఇప్పటికీ బూడిదరంగు కొమ్మలు పైకి చాచి నీళ్ళలో నిలబడే ఉన్నాయి. అడుగున ఆకూ అలమూ గాలి తగలకుండా కుళ్ళి, మీథేన్ వాయువై, బుడగలు బుడగలుగా పైకి వస్తుంటుంది. నేను ప్లాస్టిక్ గరాటుల్ని బోర్లించి, ఖాళీ డబ్బాలకి కట్టి, నీళ్ళలో వేలాడదీస్తాను. బుడగలు గరాటులోకి ఎక్కి పైనున్న సీసాలో చేరతాయి. గట్టు మీది పిల్లలు నన్ను బుడగలక్క అంటారు. ఆ పేరు నాకు చాలా ఇష్టం. వాల్దెసీర్ నన్ను మొదటిసారి పలకరించింది కూడా ఆ పేరుతోనే.

మా మామగారు ఉంబెలీనో అదే ఆనకట్టలో టర్బైన్ల దగ్గర పనిచేసి రిటైరయ్యారు. ఇంటి ముందు గోడ మీద ఆయన చేత్తో వేసిన పెద్ద నీటిచుక్క ఉంది, నీలం రంగులో. దాని కింద 'పొగ లేని వెలుగు' అని రాసి ఉంటుంది. ఏటా వానలు తగ్గగానే ఆ అక్షరాలకి మళ్ళీ రంగు వేస్తారు. వేసేటప్పుడు ఎవరినీ దగ్గరికి రానివ్వరు.

ఈ సంగతి తెలిసి కూడా పెళ్ళి భోజనాల్లో నోరు జారాను. మామగారూ, ఆయన పాత స్నేహితులూ కూర్చున్న బల్ల దగ్గరికి మేం వెళ్ళినప్పుడు పక్కింటి జుల్మీరా పిన్ని అడిగింది:

"ఏమ్మా కొత్త పెళ్ళికూతురా, ఆ గరాటులతో ఏం పడతావు? చేపలా?"

"చేపలు కాదు పిన్నీ, గాలి. మన జలాశయం వదిలే గాలి ఆకాశాన్ని వేడెక్కిస్తుంది. ఇంత అడవిని ముంచి అంత కొంచెం కరెంటు తీసే బదులు, బొగ్గు కాల్చుకున్నా ఇంతకంటే మేలేమో."

నవ్వుతూనే అన్నాను. అప్పటికి ఒక గ్లాసు చెరకు సారా తాగి ఉన్నాను, పైగా వాల్దెసీర్ నా చెయ్యి పట్టుకుని ఉన్నాడు, లోకంలో ఎవరికైనా కోపం వస్తుందన్న ఊహే నాకు లేదు. బల్ల చుట్టూ ఎవరూ నవ్వలేదు. మామగారు చేతిలోని చేపముక్క పళ్ళెంలో పెట్టి, చేతులు తుడుచుకుని, లేచి వెళ్ళిపోయారు.

ఆ రోజు నుంచి ఆయన నాతో మాట్లాడలేదు. కుక్కతో మాట్లాడేవారు. కుక్క పేరు వోల్ట్.

"వోల్టూ, కాఫీలో పంచదార ఎక్కువైందని ఆవిడతో చెప్పు."

వోల్ట్ నా వైపు చూసేది.

"వోల్టూ, రేపటినుంచి తగ్గిస్తానని మామయ్యతో చెప్పు."

వోల్ట్ ఆయన వైపు చూసేది. మర్నాడు నేను పంచదార తగ్గించేదాన్ని కాదు. తగ్గిస్తే ఆయనకి చెప్పడానికి ఇంకేం ఉంటుంది?

ఇదంతా నవ్వులాటగానే నడిచేది గానీ, పునీత యోహాను పండగ దగ్గరపడే కొద్దీ నాకు లోపల గుబులు మొదలైంది. ఆ సాయంత్రం ఇక్కడ ప్రతి ఇంటి ముందూ మంట వేస్తారు. మంట మీదుగా చేతులు పట్టుకుని మాట ఇచ్చుకున్నవాళ్ళు ఆనాటినుంచి చుట్టాలు. మగవాణ్ణి కుంపాద్రె అనీ, ఆడమనిషిని కుమాద్రె అనీ పిలుచుకుంటారు. పుట్టుకతో రాని చుట్టరికాన్ని నిప్పు ఇస్తుంది. మా అత్తవారింట్లో ఇంకో పద్ధతి ఉంది. పెళ్ళయ్యాక వచ్చే మొదటి పండగకి కట్టెలు తెచ్చేది, మంట వెలిగించేది కొత్త జంటే. ఆ మంట మీదుగా ఇంటి పెద్ద కొత్త కోడలికి చెయ్యి అందిస్తాడు.

"అందుకోకపోతే ఏమవుతుంది అత్తయ్యా?" అని అడిగాను, మొక్కజొన్నలు ఒలుస్తూ.

"ఏమీ కాదు. ఎన్నేళ్ళున్నా అతిథిగా ఉంటావు. మంచి కప్పులో కాఫీ ఇస్తారు."

అప్పటికి నాకు మంచి కప్పులోనే ఇస్తున్నారు. బంగారు అంచున్న కప్పు. మిగతావాళ్ళందరూ పిడి విరిగిన కప్పుల్లో తాగుతారు. నాకూ పిడి విరిగిన కప్పే కావాలనిపించేది.

మామగారు తన మాట వోల్ట్‌కి చెప్పేశారు. "మంట వెలిగితే చెయ్యిస్తాను. పద్ధతి పద్ధతే. వెలగలేదంటే మాత్రం పునీత యోహానుకి ఇష్టం లేదన్నమాట. ఇంకో సంగతి కూడా చెప్పు వోల్టూ. పెట్రోలు పోస్తే ఒప్పుకోను. అది దేవుడికి లంచం. పక్కింటి కట్టెలూ ఒప్పుకోను. అరువు కట్టెలతో వచ్చేది అరువు చుట్టరికం."

"మంట వెలిగించడం ఎంత పని?" అన్నాడు వాల్దెసీర్.

పండగ ముందురోజు పడవలో బయల్దేరాం. ఎండిన చెట్ల కొమ్మలు నీళ్ళ పైన ఎముకల్లా పొడిగా ఉంటాయి, గొడ్డలి తగిలితే గంటలా మోగుతాయి. వాల్దెసీర్ కొట్టాడు, నేను అందుకున్నాను. అతను కొట్టిన ప్రతి కొమ్మకీ ఒక ముద్దు అడిగాడు, కాబట్టి అవసరమైనదానికంటే ఎక్కువ కట్టెలు కొట్టాం. తీరా చూస్తే పడవలో చోటు లేదు. సగం నా గరాటులు, డబ్బాలు, మిగతా సగం మేము.

ఇక్కడ చోటు లేకపోతే ఎవరైనా చేసే పని ఒక్కటే. తాడు కట్టి నీళ్ళలో ఈడ్చుకురావడం. ఈ ఊళ్ళో దుంగలు అలాగే వస్తాయి, చెడిపోయిన పడవలు అలాగే వస్తాయి. జుల్మీరా పిన్ని కోళ్ళగూడు కోళ్ళతో సహా అలాగే వచ్చింది. మా పెళ్ళిమంచం కూడా తెప్ప మీద అలాగే వచ్చింది. అందుకని కట్టెల్ని మోపుకట్టి, మునిగిపోకుండా నా ఖాళీ డబ్బాలు తగిలించి, వెనకాల ఈడ్చుకుంటూ, పాడుకుంటూ వచ్చాం. సూర్యుడు దిగుతున్నాడు, వాల్దెసీర్ టోపీ నా తల మీద ఉంది. వెనకాల కట్టెలు బాతుల్లా బుద్ధిగా తేలుతూ వచ్చాయి. వాటిని రేవులోనే కట్టేసి ఇంట్లోకి వెళ్ళిపోయాం. కొత్తగా పెళ్ళయినవాళ్ళకి ఇంట్లోకి వెళ్ళడానికి ఎప్పుడూ తొందరే.

మర్నాడు పొద్దున అత్తగారు బట్టలు ఉతకడానికి రేవులోకి దిగారు. పైకి వచ్చి మా గుమ్మం ముందు నిలబడ్డారు.

"ఆ కట్టెలు పండగకా? లేక వాటికి స్నానం చేయిస్తున్నారా?"

నేను వాల్దెసీర్ వైపు చూశాను. అతను నా వైపు చూశాడు. లెక్కల మాస్టారి మొహంలో ఒక లెక్క నెమ్మదిగా తేలింది. పడి పడి నవ్వాం. ఆపుకోలేక నేను గోడకి చేరగిలబడ్డాను. ఆ తర్వాత నవ్వు ఆగిపోయింది.

రోజంతా ఎండలో పెట్టి తిప్పుతూనే ఉన్నాం. ఎండ సరిపోలేదు. పొద్దువాలే వేళకి రంగు కాగితాల తోరణాల కింద చుట్టుపక్కల వాళ్ళంతా చేరారు. పండగ వేషానికి అతుకుల చొక్కాలు, గడ్డి టోపీలు, బుగ్గల మీద కాటుకతో పెట్టుకున్న చుక్కలు. తాంబాకీ చేప కాలడానికి సిద్ధంగా ఉంది, మొక్కజొన్న పాయసం చల్లారుతోంది. వాల్దెసీర్ కట్టెలు పేర్చాడు, నేను తాటాకుకి నిప్పంటించి కింద దోపాను. ఆకు భగ్గున మండి ఆరిపోయింది. కట్టెలు సుయ్యిమన్నాయి. మళ్ళీ పెట్టాను, మళ్ళీ సుయ్యిమన్నాయి. వాటి చివర్ల నుంచి నీళ్ళు నురగ కట్టి కారుతున్నాయి.

"ఇది మంటా, కట్టెలకి జలుబు చేసిందా?" అంది జుల్మీరా పిన్ని. పండగకి జంటలు వేసే నాట్యంలో ఏ అడుగు వెయ్యాలో పిలుపులిచ్చేది ఈ ఏడు ఆవిడే కాబట్టి ఆవిడ గొంతు అందరికీ వినిపించింది. అందరూ నవ్వారు. మామూలుగా అయితే నేనూ నవ్వేదాన్ని.

మామగారు కుర్చీలో కూర్చుని ఉన్నారు. తెల్లచొక్కా వేసుకున్నారు. చేతుల మీద ఇస్త్రీ మడతలు కత్తుల్లా నిలబడి ఉన్నాయి.

"పొద్దున్నే లేచి తనే ఇస్త్రీ చేసుకున్నారు," అన్నారు అత్తగారు నా చెవిలో. "నన్ను ముట్టుకోనివ్వలేదు."

అంటే చెయ్యి ఇవ్వడానికే సిద్ధమై వచ్చారు. ఇవ్వకూడదని కాదు, ఇవ్వాలనే ఉంది ఆయనకి. కానీ అన్న మాట అన్నారు, కట్టెలు తడిసిపోయాయి.

వాల్దెసీర్ నన్ను పక్కకి లాగాడు. "జూ, నీ గాలి ఉంది కదా. మన ఇంటి వెనక మడుగులో బురద గుచ్చితే చాలు, బుడగలు పొంగుతాయి. గొట్టం పెట్టి తెచ్చేద్దాం. పెట్రోలు కాదు, పక్కింటి కట్టెలు కాదు. మాట తప్పినట్టు కాదు."

"వద్దు."

"ఎందుకు?"

నేను గోడ వైపు చూపించాను. పొగ లేని వెలుగు. అందరి ముందూ ఆ గోడ కిందే ఆయన జలాశయం నీళ్ళలోంచి నేను మంట తీసి చూపిస్తే మంట వెలుగుతుంది, నిజమే. ఇంతమంది మధ్య ఆయన ఇంకోసారి కుర్చీలోంచి లేచి వెళ్ళిపోతారు. అలా గెలిచిన చెయ్యి నాకెందుకు?

వెళ్ళి వోల్ట్ పక్కన గొంతుకూర్చున్నాను.

"వోల్టూ, మామయ్యతో చెప్పు. వెనక మడుగులో అడుగున నిప్పుకి పనికొచ్చే గాలి ఉంది. కావాలంటే ఇద్దరమే వెళ్ళి చూడొచ్చు, ఎవరికీ చెప్పను. వద్దంటే కట్టెలు తడిశాయి అనుకుందాం. అది కూడా నిజమే."

ఆయన వోల్ట్ వైపు వంగారు.

"వోల్టూ, ఆవిడ వెటకారమాడుతోందా?"

"లేదని చెప్పు వోల్టూ."

ఆయన లేచారు. తప్పుకుంటున్నారేమో అనుకున్నాను. దొడ్డివైపు నడిచారు. వోల్ట్ ఆయన వెనక, నేను వోల్ట్ వెనక.

ఇంటి వెనక నీళ్ళు లోపలికి చొచ్చుకొచ్చి చిన్న మడుగు కట్టింది. మోకాలి లోతు, అడుగున మెత్తటి బురద. నా గరాటు ఒకటి అక్కడే ఉంది. దాన్ని బోర్లించి పట్టుకుని తెడ్డుతో బురదలో పొడిచాను. గుడగుడమని బుడగలు వచ్చాయి, గరాటు నిండింది. పైన చిన్న కుళాయి తిప్పి అగ్గిపుల్ల పెట్టాను. టప్పున అంటుకుంది. నీలంగా, కొసన కాస్త పచ్చగా, బొటనవేలంత మంట నీళ్ళ మీద నిలబడి వెలిగింది. కాసేపటికి ఆరిపోయింది.

మామగారు టోపీ తీశారు.

"మళ్ళీ," అన్నారు.

ఆ మాట వోల్ట్‌తో అన్నది కాదు. నేనూ వోల్టూ ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. మళ్ళీ పొడిచి వెలిగించాను. ఆయన మంట మీద అరచెయ్యి పెట్టి వేడి చూశారు, చటుక్కున తీశారు.

"ఇది నా నీళ్ళలోదేనా?"

"అవును మామయ్యా."

"ముప్పై ఏళ్ళు దీని బలం కొలిచాను. గంట గంటకీ కొలిచాను. ఊపిరి కొలవాలని ఎవరూ చెప్పలేదు."

"మీ టర్బైన్ల తప్పేం లేదు. చెట్టూ చేమా తియ్యకుండా నింపేశారు. అక్కడొచ్చింది చిక్కు." కాస్త ఆగి, చెప్పాల్సింది చెప్పేశాను. "ఆ రోజు బల్ల దగ్గర అలా అనకుండా ఉండాల్సింది. లెక్క తప్పు కాదు. చెప్పిన చోటు తప్పు."

ఆయన మడుగు వైపే చూస్తూ ఉన్నారు.

"కాలిస్తే పోతుందా ఇది?"

"పూర్తిగా పోదు. కానీ ఊరికే పైకి పోయినప్పుడు వేడెక్కించేంత వేడెక్కించదు. కాలిస్తేనే మేలు."

"ఈ గరాటు పిల్లలాట," అన్నారు మామగారు, చేతులు పైకి మడుచుకుంటూ. ఇస్త్రీ మడతలు అప్పుడే పోయాయి. "ఒత్తిడి చాలదు. బట్టల తొట్టి కావాలి. రబ్బరు గొట్టం కావాలి. చివర ఇనప ముక్క. అమ్మాయ్, నువ్వు ఇక్కడే ఉండు, బురద ఎక్కడ మెత్తగా ఉందో చూడు."

ఆ మాట అని పరుగెత్తారు. ఆయన పరుగెత్తడం నేను చూడ్డం అదే మొదలు. ఇంటి ముందు నుంచి ఆయన కేక వినిపించింది:

"క్రెయూజా, నీ తొట్టి ఖాళీ చెయ్యి. వాల్దే, తోట గొట్టం విప్పుకురా. నాట్యం ఇక్కడ కాదు, మడుగులో. జలాశయం దగ్గర మంట అడుక్కుందాం. జుల్మీరా, నీ గొంతుకి ఈవేళ పని ఉంది."

ఊరంతా మడుగులోకి దిగింది. పావడాలు నడుముకి చెక్కుకున్నారు, టోపీలు మాత్రం తియ్యలేదు. ఇక్కడ నీళ్ళలోకి దిగితే ఎవరూ అడుగెత్తి నడవరు. తోకలో ముల్లున్న చేప బురదలో పడుకుని ఉంటుంది, దాన్ని తొక్కకూడదని పాదాలు ఈడుస్తూ నడుస్తారు. బురద కలపడానికి అంతకంటే మంచి నడక లేదు. మామగారు తొట్టి బోర్లించి, దాని అడుగున చిల్లిలో గొట్టం బిగించి, జంటల్ని చుట్టూ నిలబెట్టారు. జుల్మీరా పిన్ని గట్టు మీద నిలబడి ఏటా వినిపించే పిలుపులే ఇచ్చింది.

"వానొస్తోంది."

అందరూ వెనక్కి తిరిగి కాళ్ళీడ్చుకుంటూ నడిచారు.

"ఉత్తిదే."

అందరూ మళ్ళీ ముందుకు తిరిగారు. కాళ్ళ చుట్టూ బుడగలు గుడగుడలాడాయి. చెక్కుకోవడం మరిచిన ఒకావిడ పావడాలోకి బుడగలు ఎక్కి, పావడా గొడుగులా లేచింది.

"పామొచ్చింది."

"ఉత్తిదే."

తొట్టి నిండి పడవలా పైకి లేచింది. "ఎవరో ఒకరు కూర్చోండి దీని మీద," అన్నారు మామగారు. వాల్దెసీర్ ఎక్కి కూర్చున్నాడు. అది అతన్ని కాస్త అటూ ఇటూ తిప్పింది. పెళ్ళయిన రెండు నెలల్లో నా భర్తని ఎన్నో రకాలుగా చూసి మురిసిపోయాను గానీ, బుడగల మీద కూర్చుని, టోపీ ఎత్తి నాకు వందనం చేస్తుంటే చూసిన ముచ్చట మాత్రం ఇంకోటి లేదు.

"జూ, నీ ఉద్యోగం నన్ను మోస్తోంది," అన్నాడు.

"నువ్వు బరువుగా కూర్చో చాలు," అన్నారు మామగారు. "జుసారా, గొట్టం చివర నువ్వు పట్టుకో. కట్టెల అడుగుకి పెట్టు. నేను తెరవమన్నప్పుడు తెరువు."

జుసారా. నా పేరు ఆయన నోట అంత బాగుంటుందని నాకు తెలియదు. గొట్టం పట్టుకుని కట్టెల దగ్గరికి పరుగెత్తాను. "తెరువు," అన్నారు. తెరిచాను. అత్తగారు అగ్గిపుల్ల గీశారు. గొట్టం కొసన మంట బుసకొడుతూ కట్టెల్ని నాకింది. కట్టెల నుంచి ఆవిరి లేచింది. తొట్టి ఖాళీ అయితే మళ్ళీ వాన వచ్చింది, మళ్ళీ ఉత్తిదే అయింది, మళ్ళీ నిండింది. ఎన్నిసార్లు నింపామో ఎవరూ లెక్కపెట్టలేదు, లెక్కల మాస్టారు సహా. చివరికి సుయ్యిమనడం ఆగి చిటపటలు మొదలయ్యాయి. ఒక కొమ్మ అంచు ఎర్రబడింది. గొట్టం పక్కకి తీశాను. మంట తనంతట తానే నిలబడింది.

అందరూ నడుముదాకా తడిసి, బురద కాళ్ళతో చుట్టూ నిలబడి చూశారు. ఆ వెలుగు గోడ మీది నీలం చుక్క మీద పడి ఊగింది.

మామగారు మంటకి అవతల నిలబడ్డారు. తెల్లచొక్కా బురదరంగులోకి మారిపోయింది. చెయ్యి చాపారు. నేను అందుకున్నాను. ఆయన అరచెయ్యి ఇనుములా గరుకుగా, తడిగా ఉంది. మంట చుట్టూ మూడుసార్లు తిరుగుతూ, యోహాను చెప్పాడనీ, పేతురు ఒప్పుకున్నాడనీ, ఇకమీద మనం చుట్టాలమనీ పెద్దలు చెప్పే మాటలు ఆయన ముందు అన్నారు, నేను వెనక అన్నాను. పొగ కళ్ళలోకి పోయింది. నాకు నీళ్ళొచ్చింది పొగవల్లే అని చెప్పుకున్నాను.

"కుమాద్రె," అన్నారాయన.

"కుంపాద్రె," అన్నాను.

"నిప్పు చుట్టాలు పోట్లాడుకోకూడదు. వాదించుకోవచ్చు."

"బొగ్గు గురించా?"

"రేపు. ఇవాళ చేప కాలాలి." మడుగు వైపు ఒకసారి చూశారు. "ఈ సాయంత్రం ఆ నీళ్ళలోని గాలి ఎంత కాల్చామో కొలిచి చెప్పు. గోడ మీద ఏం మార్చాలో తర్వాత చూస్తాను. రంగు మాత్రం నేనే వేస్తాను."

మర్నాడు పొద్దున కాఫీ పెట్టి తెచ్చాను. బల్ల మీద నా చోట బంగారు అంచు కప్పు లేదు. పిడి విరిగిన కప్పు ఉంది, పట్టుకుంటే వేళ్ళు కాలేది. వాల్దెసీర్ దాన్ని చూసి బల్ల కింద నా కాలు తొక్కాడు. మామగారు ఒక గుక్క తాగారు.

"కుమాద్రె, పంచదార ఎక్కువైంది."

"రేపటినుంచి తగ్గిస్తాను మామయ్యా."

బల్ల కింద వోల్ట్ లేచి నిలబడింది. ఆయన వైపు చూసింది, నా వైపు చూసింది. తనని ఎవరూ ఏమీ చెప్పమనకపోయేసరికి కాసేపు అలాగే నిలబడి, మా నలుగురి చెప్పుల మధ్యకి వెళ్ళి పడుకుంది.